తెడ్డు చప్పుడు

మధ్యాహ్నం. డబ్బింగ్ గది. అద్దానికి అవతల మైకు ముందు నటి, ఇవతల మీటల బల్ల దగ్గర సౌండు రికార్డు చేసే పెద్దాయన.

“...సైరన్ మోగింది. ఆయన విని... ఆయన వినిపిం... ఛీ. మళ్ళీ తప్పింది. ఆపెయ్ బాబాయ్.”

“ఆపాను. మంచినీళ్ళు తాగు తల్లీ.”

“తాగాను. కడుపు కుండలా అయింది. ఎన్నో టేకు ఇది?”

“లెక్కపెట్టలేదు.”

“అబద్ధం. నువ్వు లెక్కపెట్టని టేకు ఉందా? నీ కాగితం మీద గీతలు ఇక్కడికి కనబడుతున్నాయి.”

“పద్నాలుగు.”

“పద్నాలుగు! ఎండలో, దోమల్లో, నెత్తిమీద గొడుగు కూడా లేకుండా ఒక్క టేకులో చెప్పేసేదాన్ని. ఇంత చల్లటి గదిలో కూచుని పద్నాలుగు.”

“గొంతు అలిసింది. ఇవాళ్టికి చాలందాం.”

“గొంతు బాగానే ఉంది. నది పుట్టిన చోటు, అడవి, రాళ్ళు, అన్నీ గడగడా చదివేశానా లేదా? ఈ మూడు ముక్కల దగ్గరికొచ్చేసరికి నాలుక మడతపడుతోంది. ‘సైరన్ మోగింది. ఆయన వినిపించుకోలేదు. నదికి బాగా అలవాటైనవాళ్ళే నదిని తేలిగ్గా తీసుకుంటారు.’ ఎవరు రాశారు ఇది?”

“రచయిత.”

“ఆ రోజు రేవులో ఉన్నాడా ఆయన?”

“లేడు.”

“నువ్వున్నావు. నేనున్నాను. మనిద్దరికీ తెలియంది ఆయనకెలా తెలిసింది?”

“ఎంక్వయిరీ కాగితం చూసి రాసుంటాడమ్మా. కాస్త అటు జరుగు, నీ చేతిలో పేజీ రెపరెపలాడుతోంది మైకులో.”

“పేజీ సంగతి తర్వాత. ఒక్కటి అడుగుతాను, చెప్పు. ఆ రోజు సైరన్ మోగిందా?”

“ఏదో సన్నగా గుయ్యిమంటోంది. ఫ్యాను ఆపాలేమో.”

“ఫ్యాను ఆపే ఉంది.”

“అయితే లైటై ఉంటుంది.”

“మోగిందా, లేదా?”

“సైరన్ గదిలో మనిషి మోగించానన్నాడుగా. మూడు నిమిషాలు మోగించినట్టు పుస్తకంలో కూడా రాసుందట.”

“నేనడిగింది అతని పుస్తకం గురించి కాదు. నీ చెవుల గురించి. ఏటికి అవతల కొంగ రెక్క విదిలిస్తే ‘ఆగండాగండి’ అని షూటింగ్ ఆపేసే మనిషివి. యూనిట్ అంతా నిన్ను చెవులాయన అని ఊరికే అంటారా?”

“వెనకాల అంటారని తెలుసు. మొహం మీద అన్నది నువ్వే.”

“మాట మార్చకు.”

“షూటింగ్‌లో నా చెవులకి హెడ్‌ఫోన్లుంటాయి తల్లీ. అందులో నీ గొంతు తప్ప నాకింకేం పట్టదు.”

“నాకూ అంతే కదా. నీకు నా గొంతు, నాకు నా డైలాగు. పడవలో కూచున్నానన్న మాటే గానీ, మనసంతా తర్వాత చెప్పాల్సిన ముక్క మీదే. సైరన్ మోగినా నాకు తెలిసుండదేమో అనిపిస్తోంది. మోగకపోయినా తెలిసుండదు. రాత్రుళ్ళు పడుకుంటే ఒకసారి మోగినట్టే గుర్తొస్తుంది. తెల్లారితే లేదనిపిస్తుంది.”

“అంతగా ఆలోచించకు. డైరెక్టరు మోగిందనే చెప్పాడు కదా.”

“ఆయన ‘మోగే ఉంటుంది’ అన్నాడు. కెమెరా అతను ‘ఆయన చెప్పాడంటే మోగే ఉంటుంది’ అన్నాడు. మేకప్ అమ్మాయి ‘అందరూ చెబుతున్నారుగా’ అంది. రేవువాళ్ళు కూడా ‘పుస్తకంలో ఉందిగా’ అంటున్నారట. ఒక్కళ్ళయినా ‘నేను విన్నాను’ అన్నారా? నువ్వేం చెప్పావు ఎంక్వయిరీ ఆఫీసరుకి?”

“అడిగిందానికి చెప్పాను.”

“ఏమడిగాడు?”

“రికార్డింగ్ ఉందా అన్నాడు. లేదన్నాను. నీళ్ళలోకి దిగినప్పుడు రికార్డింగ్ పెట్టె నా భుజానే ఉంది, తడిసి పాడైపోయింది అన్నాను. పెట్టె చూపించాను కూడా. అందులోంచి అప్పటికింకా నీళ్ళు కారుతున్నాయి.”

“సైరన్ సంగతి అడగలేదా?”

“ఇంటర్‌కమ్ మోగుతోంది. డైరెక్టరై ఉంటాడు. నువ్వే తియ్యి, నేను తీస్తే అరుస్తాడు.”

“హలో... ఆఁ, అవుతోందండీ... లేదు లేదు, గొంతు కాదు... ఆ మూడు వాక్యాలు తీసేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది... అది నివాళా? ఏ కోణంలోంచి నివాళండీ అది?... సరే. సరే అంటున్నానుగా. చదువుతాను. ఉంటాను... నివాళట బాబాయ్. మనిషిని తిట్టి చివర్లో పువ్వు బొమ్మ చూపిస్తారట.”

“వాళ్ళ ఛానల్, వాళ్ళ ఇష్టం. చదివేసి ఇంటికి పో.”

“ఇంటికి పోతే? మొన్న ఆయన భార్య మా ఇంటికొచ్చింది, తెలుసా?”

“ఎవరు, పడవాయన భార్యా?”

“ఆవిడే. గేటు దగ్గర వాచ్‌మన్ నాతో ఫొటో కోసమనుకుని పంపించెయ్యబోయాడు. నేను మేడమీంచి చూశాను కాబట్టి సరిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. కూచోమంటే కూచోలేదు. ఒకే ఒక్క మాట అడిగింది. ‘అమ్మా, మా ఆయన కూత విని కూడా పడవ తోశాడా?’ అని. వాళ్ళు సైరన్‌ని కూత అంటారు.”

“తెలుసు.”

“‘కూత వింటే తోసే మనిషి కాదమ్మా. కంచం ముందు కూచున్నా సరే, కూత వినపడితే లేచి పోయి పడవ కట్టేసి వచ్చేవాడు’ అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.”

“నువ్వేమన్నావు?”

“గుర్తులేదమ్మా అన్నాను. ఇంకేమంటాను? అప్పుడు నా మొహంకేసి చూడలేదు ఆవిడ, నా కాళ్ళకేసి చూసింది. ‘ఆ రోజు మీ చెప్పులు కొట్టుకుపోయాయి కదమ్మా, కొత్తవి కొనుక్కున్నారా?’ అని అడిగింది. అంతే, వెళ్ళిపోయింది. ఎత్తిపొడిచిందో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ తెలియదు.”

“నిజంగానే అడిగుంటుంది.”

“అదే ఇంకా బాధ. ఆయన తమ్ముడి పడవకి కూడా గొలుసేసి తాళం వేశారట. ‘మీ ఇంటివాళ్ళకి కూతంటే లెక్కలేదు, మీకు పర్మిట్ ఇచ్చేది లేదు’ అన్నారట. రేవులో ఆడవాళ్ళు ఆవిడని చూసి మాట ఆపేస్తున్నారట. మొండాడి పెళ్ళాం అని.”

“ఇవన్నీ ఆవిడే చెప్పిందా?”

“లేదు, మా డ్రైవరు కనుక్కున్నాడు. బాబాయ్, రేపు పదింటికి ఆఫీసరు దగ్గర నా సంతకం. కాగితం టైపు చేసి ముందే పంపారు. ‘సైరన్ మోగింది. పడవ నడిపే వ్యక్తి లెక్కచేయలేదు.’ నేను సంతకం పెడితే ఫైలు మూసేస్తారు. ఆయన పేరు అలాగే ఉండిపోతుంది. గుర్తులేదంటే కుదరదట, ఛానల్ లాయరు చెప్పాడు. ‘మోగిందనే అనుకుంటున్నాను’ అంటే చాలట.”

“అలాగే అను మరి.”

“అంత తేలిగ్గా అంటావేంటి?”

“పోయినాయన ఎటూ రాడు తల్లీ. నీకు ముందు ముందు బోలెడు పనుంది. ఇంకా రెండు నదులు తియ్యాలి.”

“నదులు! ఆరు నదులు చూపించాను జనానికి. రోడ్డు మీద ముసలమ్మలు నన్ను ఆపి ‘నీళ్ళన్నీ నీకు తెలుసు’ అంటారు. ఒక్క దాంట్లోనూ మోకాలు దాటి దిగలేదని ఎవరికి తెలుసు? ఈత రాదని ఎవరికి తెలుసు? ఆయనకి తెలుసు. పొద్దున్నే కనిపెట్టేశాడు. నేను పడవ అంచు పట్టుకున్న తీరు చూసి, ‘అమ్మా, మీరు నీళ్ళ మనిషి కాదు’ అని నవ్వాడు. ఎవరికీ చెప్పనులెండి అన్నాడు. పడవ తిరగబడ్డప్పుడు తెడ్డు నా చేతుల్లో పెట్టాడు బాబాయ్. రెండు చేతులూ పట్టుకుని దాని మీద వేశాడు. తెడ్డు ఆయన దగ్గరే ఉంచుకునుంటే ఆయనే తేలేవాడు.”

“తెలుసు. చూశాను. వద్దు, ఇప్పుడవన్నీ ఎందుకు?”

“నేనే కదా ఇంకొక్కసారి వెళ్దామన్నది. జుట్టు మొహం మీద పడింది, ఇంకో టేకు చేద్దాం అన్నాను. జుట్టు! ఎగువన డ్యామ్ తలుపులు ఎత్తే ముందు రేవులో సైరన్ మోగుతుంది, పావుగంటలో నీళ్ళు మనిషెత్తు లేస్తాయి, కూత వినగానే పడవలన్నీ ఒడ్డుకి చేరతాయి. ఇదిగో, పై పేజీలో ఇదంతా ఎంత చక్కగా చదివానో. ముప్పై ఏళ్ళు ఆ కూతకి ఒడ్డెక్కిన మనిషి ఆ ఒక్కరోజు ఎందుకు ఎక్కలేదు? సినిమా మనిషి అడిగింది కదా, కాదనలేక. అంతేగా?”

“ఇంకో టేకు అడగని షూటింగ్ ఎక్కడైనా ఉందా? నువ్వడిగావు, డైరెక్టరడిగాడు. నీ మీద వేసుకోకు.”

“మరి ఎవరి మీద వెయ్యను?”

“టీ తెప్పించనా?”

“వద్దు. నిన్న ఎడిటింగ్ గదికి వెళ్ళాను.”

“నువ్వా? ఎందుకు?”

“ఊరికే. మూడో భాగం చూపించారు. పొగమంచులో చాలా దూరం నుంచి తీసిన పడవ ఉంది చూడు, పోయిన ఏడాది తీశాం. వేరే నది.”

“ఆఁ, ఉంది. బొమ్మ బాగా వచ్చింది.”

“బొమ్మ కాదు. ఆ పడవకి తెడ్డు చప్పుడు పెట్టారు. కిర్రు... టప్. కిర్రు... టప్. ఎడమ తెడ్డు కిర్రుమంటుంది, కుడిది అనదు.”

“తెడ్లన్నీ అలాగే ఉంటాయమ్మా. ఎక్కడిదో పాతది తీసి వేశాను.”

“ఆ రోజు పొద్దున ఆయన ఎడమ తెడ్డుకి కొత్త తాడు కట్టాడు బాబాయ్. పాతది తెగిందని. నా కళ్ళముందే కట్టాడు. ఇదేంటి ఇంత గోల చేస్తోంది అంటే, ‘కొత్తల్లుడమ్మా, రెండ్రోజులు సణిగి తర్వాత సర్దుకుంటాడు’ అన్నాడు. రెండ్రోజులెక్కడ? ఒక్కపూట సణిగింది. ఆ పూట తర్వాత ఆ పడవే లేదు. ఆ చప్పుడు నీ దగ్గరికి ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“...పెట్టె పాడైంది. లోపలున్న మెమరీ కార్డు పాడవలేదు.”

“అమ్మ బాబాయ్!”

“గట్టిగా అరవకు, బయట అసిస్టెంట్లున్నారు.”

“ఐదు వారాలు! ఐదు వారాల్నుంచి ఉందా నీ దగ్గర? ఆఫీసరుకి పాడైన పెట్టె చూపించి, కార్డు జేబులో వేసుకుని, దాంట్లో చప్పుడు తీసి ఇంకో నదికి అతికించావా? ఏం మనిషివి నువ్వు?”

“పారేద్దామనే అనుకున్నాను. రెండుసార్లు చెత్తబుట్ట దాకా వెళ్ళాను. నలభై ఏళ్ళ నుంచి ఇదే పని నాది. అంత మంచి నీళ్ళ చప్పుడు నాకెప్పుడూ దొరకలేదు తల్లీ. లారీ లేదు, లౌడ్‌స్పీకర్ లేదు, మనిషి దగ్గు లేదు. నీళ్ళు, తెడ్డు, అంతే. ఎవరు కనిపెడతారులే అనుకున్నాను.”

“ఏముంది అందులో?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేకపోతే దాచడమెందుకు?”

“నిజంగానే ఏమీ లేదమ్మా.”

“వినిపించు.”

“వద్దు. చివర్లో నీ అరుపులున్నాయి. నువ్వు వినలేవు. నేనే ఒక్కసారి విన్నాను, అంతే.”

“చివరిదాకా పెట్టకు. ముందున్నది పెట్టు. రేపు నేను సంతకం పెట్టాలి బాబాయ్. విని పెడతాను. నా వల్లే పోయాడని తేలితే అదే చెబుతాను. దాచడం ఇక నా వల్ల కాదు.”

“...తలుపు గడియ పెట్టు.”

“పెట్టాను.”

“ఇవతలికి రా. ఈ హెడ్‌ఫోన్ పెట్టుకో. నేను ఆపమన్నప్పుడు తీసెయ్యాలి.”

“సరే, పెట్టు.”

“వినబడుతోందా?”

“ఆఁ. నీళ్ళు... ఏదో పిట్ట... తెడ్డు. అదే, కొత్తల్లుడు... ఇప్పుడు నేను. ‘ఈ నదికి తొందర లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకే తొందర.’ అబ్బ, ఎంత దొంగ గొంతు నాది... ఆయన నవ్వుతున్నాడు. ‘అమ్మా, మీరు చెబుతున్నది ఈ నది గురించేనా?’ అంటున్నాడు. నేనూ నవ్వాను. ఇది నాకు గుర్తే లేదు బాబాయ్... మళ్ళీ తెడ్డు... మళ్ళీ నీళ్ళు... నా డైలాగు మళ్ళీ మొదట్నుంచి... పిట్ట లేదిప్పుడు. పిట్ట ఆగిపోయింది. నీళ్ళ చప్పుడు మారింది. బాబాయ్, నీళ్ళు...”

“తీసెయ్. తీసెయ్ చెవుల మీంచి. ఆపేశాను.”

“ఉండు. ఒక్క నిమిషం. ఎంతసేపు విన్నాను నేను?”

“పందొమ్మిది నిమిషాలు.”

“పందొమ్మిది నిమిషాల్లో సైరన్ ఏది?”

“హెడ్‌ఫోన్ ఇలా ఇయ్యి తల్లీ, వైరు చిక్కుపడుతోంది.”

“నిన్నే. సైరన్ ఏది? మైకుకి అందలేదా?”

“ఆయన చొక్కా గుండీ మెడలో గొలుసుకి తగిలిన చప్పుడు కూడా ఉంది అందులో. అరమైలు దూరం నుంచి కూడా వినబడే సైరన్ అందదా?”

“అంటే మోగలేదు.”

“మోగలేదు.”

“మోగలేదు! ఆయన వినిపించుకోకపోవడం కాదు. వినడానికి అక్కడ ఏమీ లేదు! దేవుడా... ఆవిడ సరిగ్గా చెప్పింది. కూత వింటే తోసే మనిషి కాదు. బాబాయ్, ఇక నేను సంతకం పెట్టేదేంటి? కార్డు ఇలా ఇయ్యి. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వెళ్దాం. ఆ సైరన్ గది వాడు, మూడు నిమిషాలు మోగించానని పుస్తకంలో రాసుకున్నాడే, వాడి సంగతి...”

“వాణ్ణి అనకు.”

“ఎందుకు అనకూడదు? పడుకుని ఉంటాడు, తర్వాత భయపడి రాసుకుని ఉంటాడు.”

“భయపడి రాసుకున్న మాట నిజం. పడుకోలేదు. వాడి తప్పు కాదమ్మా అది.”

“నీకెలా తెలుసు? వెనకేసుకొస్తావేంటి? ఛానల్ వాళ్ళు బెదిరించారా నిన్ను? నాకు చెప్పు, నేను చూసుకుంటాను.”

“నన్నెవరూ బెదిరించలేదు.”

“డబ్బిచ్చారా?”

“ఛ.”

“మరెందుకు దాచావు? ఒక మనిషి పేరు నిలబెట్టే కార్డు ఇది. నేను నా వల్లే అని కుళ్ళిపోతుంటే చూస్తూ కూచున్నావు. మంచినీళ్ళు తాగు, టీ తాగు అంటూ. ఏమొచ్చింది నీకు?”

“ఇందాక నేను మొదట్నుంచి పెట్టలేదు తల్లీ.”

“ఏంటి?”

“పడవ తోసిన దగ్గర్నుంచి పెట్టాను. దానికి ముందు ఇంకో నిమిషం ఉంది. మళ్ళీ పెట్టుకో హెడ్‌ఫోన్.”

“భయపెట్టకు.”

“పెట్టుకో.”

“...రేవు మెట్ల మీద అడుగులు. నువ్వు నా చీరకి మైకు సరిచేస్తున్నావు, గుడ్డ చప్పుడు... దూరంగా డైరెక్టరు అరుస్తున్నాడు, ఎండ పోతోందని... ఆయన గొంతు. ‘పెద్దాయనా, మీ చెవులకి దూరం వినపడుతుందంట కదా. ఈ గోలలో నాకు తెలియట్లేదు. కూత వచ్చిందా?’ ...‘రాలేదు. తోసెయ్.’ ...ఇది నీ గొంతు.”

“నాదే.”

“అయితే?”

“అయితే ఏముంది, విన్నావుగా.”

“ఇందుకా బాబాయ్? ఈ ఒక్క మాటకా ఐదు వారాలు దాచుకున్నావు? పిచ్చివాడివా నువ్వు! ఆయన అడిగాడు, నువ్వు చెప్పావు. రాలేదు కాబట్టి రాలేదన్నావు. నీ చోట ఎవరున్నా అదే చెబుతారు. నువ్వేం అబద్ధం ఆడలేదుగా? ...ఇటు చూడు. ఇదేంటి, చిన్నపిల్లాడిలా... ఏడవకు. ఆఫీసరు దగ్గర నీ పక్కనే నిలబడతాను, నేను చెబుతాను. రాని కూతని రాలేదన్నాడు, ఇందులో ఆయన తప్పేముంది అంటాను.”

“కూత ఎలా వస్తుంది తల్లీ? ముందురోజు నీ టేకు మధ్యలో కూసి పాడుచేసిందని, ఆ పొద్దున నేనే సైరన్ గదికి పోయి, మా రికార్డింగ్ అయ్యేదాకా దాన్ని మోగించనని ఆ మనిషితో ఒట్టు వేయించుకుని వచ్చాను.”